మజ్జిగ రాసిన అచ్చు

మా ఇంటి మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి ఖాళీ దొరికినప్పుడల్లా ఏవో పోతబొమ్మలు చేస్తూ ఉంటుంది. రెండు సీసాల్లోని ద్రవాలు కలిపి మెత్తటి సిలికాన్ అచ్చులో పోస్తుంది. దాన్ని ఎపాక్సీ అంటారట. మర్నాటికల్లా గాజులాగా గట్టిపడుతుంది. మొన్న ఒక బొమ్మ పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఎంత జాగ్రత్తగా పోసినా పైన ఇట్లా చిల్లులు పడుతున్నాయి, చూడండి" అంది. నా చూపు ఎప్పుడో మందగించింది. అందుకని చేతిలోకి తీసుకుని వేలితో తడిమాను. ఆవగింజ పట్టేంత గుంతలు, ఒకదాని పక్కన ఒకటి. నా వేలు అక్కడే ఆగిపోయింది. గాలి బుడగలమ్మా, గబగబా కలిపి ఒక్కసారే కుమ్మరించి ఉంటావు, ముందు కుంచెతో పల్చగా ఒక పూత పూసి, ఆ తర్వాత నెమ్మదిగా పొయ్యి అని చెప్పాను. ఆ పిల్ల నోరు తెరిచింది. ముసలివాళ్ళకి మాత్రలు మింగడం తప్ప ఏమీ తెలియదని ఈ కాలప్పిల్లల నమ్మకం. దాన్ని పోగొట్టడమంటే నాకు మహా సరదా. కానీ ఆ రోజు ఆ సరదా రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయాక తలుపు వేసుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నాకు ఈ బుడగల సంగతి నేర్పిన మనిషి పేరు తిప్పన్న. ఆయన్ని ఎరిగినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

అరవైల మొదట్లో పెళ్ళై బళ్ళారి వచ్చాను. మాది గుంతకల్లు వైపు పల్లె. మా ఆయన లారీల ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే వెళితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. ఒకే వాకిట్లో మూడు వాటాలున్న ఇంట్లో మాదొకటి. మా గోడకు అవతల రేకుల కొట్టంలో తిప్పన్న పని చేసుకునేవాడు. ప్లాస్టర్ పోత ఆయన వృత్తి. కొత్త మిద్దెల నెత్తిన ఏనుగుల నడుమ కూర్చునే లక్ష్మి, గుమ్మాల పైన సింహం తలలు, కిటికీల చుట్టూ లతలు, అన్నీ ఆ కొట్టంలోంచే వెళ్ళేవి. అన్నిటికంటే ఎక్కువగా పోసేది వరమహాలక్ష్మి వ్రతానికి కలశం మీద పెట్టుకునే లక్ష్మి ముఖాలు. ఉన్నవాళ్ళు వెండి ముఖం చేయించుకుంటే, లేనివాళ్ళూ, ఇప్పుడిప్పుడే ఉన్నవాళ్ళవుతున్నవాళ్ళూ తిప్పన్న ముఖం కొనుక్కునేవారు. తుంగభద్ర కాలవ నీళ్ళు వచ్చి సిరుగుప్ప చుట్టుపక్కల వరి విరగ పండుతున్న రోజులు. కోస్తా నుంచి వచ్చిన రైతులు గుడిసెలు తీసేసి మిద్దెలు కడుతున్నారు. తిప్పన్నకు ఊపిరాడనంత పని.

నా ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. మూడేళ్ళప్పుడు అమ్మవారు పోసి, చావు తప్పి బయటపడ్డాను. మచ్చల గురించి జనం నా ముందు మాట్లాడరు, వెనక మాట్లాడతారు. తిప్పన్న ఆ మర్యాద పాటించే రకం కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో బావి దగ్గర నన్ను ఎగాదిగా చూసి, "ఏమనుకోవాకు రుక్కమ్మా, నీ ముఖం సూస్తాంటే నేను తొందరపడి పోసిన పోత యాదికొస్తాంది" అన్నాడు. చేతిలో చేద ఉంది కాబట్టి సరిపోయింది, కత్తి ఉంటే ఏం చేసేదాన్నో. చాలా రోజులు ఆ మనిషి వైపు తల తిప్పలేదు. ఆయన భార్య హులిగెమ్మ జొన్నరొట్టెలు, వంకాయ పుల్లగూర పట్టుకొచ్చి, "ఆయప్ప నోరు అంతేనమ్మా. మనిషిని సూసినా గోడను సూసినా ఒకటే. పోత బాగొచ్చిందా రాలేదా, అంతే కనపడ్తాది" అని బతిమాలింది. రొట్టెలు తిన్నాను కానీ కోపం పోలేదు. ఆ కోపంతోనే ఒకనాడు కొట్టం గడప దగ్గర నిలబడి, నా ముఖం సంగతి నేను చూసుకుంటాను, నీ పోతకు గుంతలెందుకు పడతాయో అది చెప్పు అన్నాను. ఆయన నవ్వలేదు. పక్కనున్న బోర్లించిన తొట్టి చూపించి, "కూకో, సెప్తా" అన్నాడు. నా చదువు అక్కడ మొదలైంది.

గుంత అనేది ఊరికే పడదని ఆయన సిద్ధాంతం. "సుమ్నె పడదు రుక్కమ్మా. నువ్వు యాడనో తొందరపడింటావు. అది యాడనో ఎదుక్కో" అనేవాడు. నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలే కానీ ప్లాస్టర్‌లో నీళ్ళు పోయకూడదు. చల్లాక అది తాగేదాకా చెయ్యి పెట్టకూడదు. తాగాక కలపాలి, చిలకకూడదు. అచ్చులో ముక్కు కొస, పెదవి అంచు, కనురెప్ప మడత, గాలి దాక్కునే చోట్లు ఇవి; ముందు అక్కడ కుంచెతో పూసి నోటితో ఊదాలి. అచ్చుకు నూనె ఎక్కువైతే ముక్కుపుటం దగ్గర నిలిచి ముడత పడుతుంది, తక్కువైతే పోత అచ్చును పట్టుకుని వదలదు. ఇవన్నీ నాకు పాఠంలాగా చెప్పలేదు. చెడిపోయిన పోత ఒకటి నా ఒళ్ళో పెట్టి, "ఈ గుంత యాల వచ్చిందో సెప్పు" అని అడిగేవాడు. చెప్పలేకపోతే సాయంత్రం దాకా మాట్లాడేవాడు కాదు. చెప్పగలిగితే కూడా మెచ్చుకునేవాడు కాదు, ఇంకొకటి తెచ్చి ఒళ్ళో పెట్టేవాడు. మిగతా పోతపనివాళ్ళు గుంతల్ని మైనంతోనో, సుద్దతోనో పూడ్చి పైన రంగు కొట్టేవారు. కొన్నవాళ్ళకు తెలిసేది కాదు. తిప్పన్న మాత్రం గుంత పడ్డ ముఖాన్ని సుత్తితో కొట్టి పగలగొట్టేసేవాడు. ఎందుకంత మొండితనం అని అడిగాను. "పూడ్సిన తావున ఉండేది నా బొటనేలు. దేవత కాదు" అన్నాడు. కొన్నాళ్ళకు ముఖాలకు కళ్ళూ కనుబొమలూ గీసే పని నాకు అప్పగించాడు. బడిలో డ్రాయింగ్‌కు తప్ప దేనికీ పనికిరానని మా నాన్న తిట్టేవాడు. ఆ ఒక్కటీ ఇక్కడ పనికొచ్చింది.

ఆయన అచ్చులు చేసే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముందు బంకమట్టితో ముఖం చేస్తాడు. దాని మీద వజ్రం కాచి పోస్తాడు. వజ్రం అంటే వడ్రంగివాళ్ళు చెక్కలు అతికించే బంక. తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి చేసేది, కాచేటప్పుడు వాసన భరించలేం. చల్లారాక అది మెత్తగా సాగే అచ్చవుతుంది. ఎంత సన్న గీతనైనా పట్టుకుంటుంది. అయితే దానికి ఆయుష్షు తక్కువ. కొద్ది రోజుల్లోనే తడి ఆరి కుంచించుకుపోతుంది. అప్పుడు దాన్ని ముక్కలుగా కోసి, మళ్ళీ కరిగించి ఇంకో అచ్చుకు వాడుకుంటారు. మట్టి ముఖం అచ్చు తీసేటప్పుడే చితికిపోతుంది. నమూనాకు ఒక మంచి పోతను దాచుకుంటే ఏడాదికేడాది అదే ముఖం తీయొచ్చు, అందరూ చేసేదదే. తిప్పన్న అట్లా దాచేవాడు కాదు. ప్రతి సంవత్సరం లక్ష్మి కొత్త ముఖంతో రావాలని ఆయన పట్టుదల. పోయినేడాది ముఖం పోయినేడాదితోనే పోవాలి.

ఆ సంవత్సరం లక్ష్మికి తన కూతురు నీలి ముఖం పెట్టాడు. పెళ్ళైన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయేమో. ఒక చోట కుదురుగా నిలబడిన పాపాన పోలేదు. నన్ను అత్తా అని పిలుస్తూ మా వంటింట్లో బెల్లం డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టేది. ఆ పిల్లను తొట్టి మీద కూర్చోబెట్టి ఆయన మట్టి ముఖం చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అది ముక్కు గోక్కుంటుంది, ఈగను చూస్తుంది, కాళ్ళూపుతుంది. తిప్పన్న కసిరితే, "నాయనా, లక్ష్మికి ముక్కు దురద పుట్టదా?" అని అడిగింది. ఆయన మట్టి మీంచి చూపు తిప్పకుండా, "పుడ్తాది. గోక్కోదు" అన్నాడు. "యాల?" "శానామంది సూస్తాంటారు కదా, అందుకు." ఆ జవాబు నీలికి నచ్చింది. కాసేపు నిజంగానే కదలకుండా కూర్చుంది. ఆ కాసేపట్లోనే ఆయన ముఖం పట్టేశాడు. అచ్చు తీసి తొలి విడత ముఖాలు పోశాడు. ఒక్కదానికీ గుంత పడలేదు. దేవత కళ్ళు ఎట్లా ఉండాలో అట్లా, చెవుల దాకా సాగదీసి నేను కళ్ళు గీశాను. వరిగడ్డిలో చుట్టి సిరుగుప్ప బస్సెక్కించాం, అక్కడి అంగడికి. రెండో విడత ఒకటి రెండు రోజుల్లో పోయాలి.

ముఖాలు వెళ్ళిన మర్నాడే నీలికి జ్వరం తగిలింది. ఎండదెబ్బ అనుకున్నాం. మూడోనాడు నుదుటి మీద పొక్కులు కనిపించాయి. హులిగెమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అని ఎవరూ అనేవారు కాదు. ఇంటికి తల్లి వచ్చింది అనేవారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ ఇంట్లో నూనె ముట్టకూడదు. పోపు పెట్టకూడదు, తలకు రాసుకోకూడదు, సబ్బుతో ఉతకకూడదు. అన్నీ చల్లగా ఉండాలి. అంబలి, మజ్జిగ, వేపాకు. నూనె వాసన తగిలితే తల్లికి కోపం వచ్చి పిల్ల కళ్ళు తీసుకుపోతుందని భయం. వాకిట్లో మిగతావాళ్ళు తలుపులు మూసుకున్నారు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదు గనక నేను లోపలికి వెళ్ళి పిల్లకు వేపమండతో విసిరేదాన్ని. రెండు రోజుల్లో ఆ ముఖం మీద వేలు పెట్టే చోటు లేకుండా పోయింది.

తిప్పన్న లోపలికి వచ్చి చూసి, బయటికి వెళ్ళి కొట్టంలో కూర్చునేవాడు. ఆయన ముందు నీలి ముఖం అచ్చు, తడి గోనెలో చుట్టి ఉంది. నేను నీళ్ళకని బయటికి వస్తే పిలిచాడు.

"రుక్కమ్మా, తల్లి పోయకముందు నీ ముఖం ఎట్లుండె?"

"నాకేం తెలుసన్నా. మూడేండ్ల పిల్లను."

"మీయమ్మ సెప్పలేదా?"

"ఒకసారి అడిగినా. అప్పుడు గూడా ఇట్లనే ఉండె లే, అనింది."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. బావి దగ్గర చూసిన చూపు కాదు అది. "నీలి లేస్తాది. నాకు తెలుసు, అది మొండిది, లేస్తాది. ఆ ముఖం మటుకు లేచి రాదు" అన్నాడు. "అచ్చు ఇప్పటికే బిగుస్తాంది. ఇంకొక దినం ఆగితే పనికిరాదు. ఒక్కటి పోసి దాసి పెడ్తా. పెద్దదయినాక, నువ్వు ఇట్లుంటివి అని సూపిస్తా." పోయినేడాది ముఖాన్ని దాచడమే తెలియని మనిషి, మొదటిసారి ఒకటి దాచుకోవాలనుకున్నాడు.

ప్లాస్టర్ జల్లించాడు. చల్లటి నీళ్ళు తెచ్చుకున్నాడు. అచ్చు తుడిచి ఆముదం సీసా అందుకున్నాడు. హులిగెమ్మ ఎట్లా కనిపెట్టిందో తెలియదు, కొట్టం గడప మీదికి వచ్చి నిలబడింది. జుట్టు ముడి ఊడి ఉంది. "ఇంట్లో తల్లి ఉండాది. నూనె ముట్టద్దు" అంది. "రాయకుంటే పోత అంటుకుంటాది హులిగీ" అన్నాడు ఆయన. "అంటుకోనీ. పిల్ల కండ్లు పోతే నువ్వు తెస్తావా?" ఆయన సీసా కింద పెట్టలేదు. అప్పుడు ఆమె గొంతు తగ్గించి, "మజ్జిగ రాయి. దాంట్లో గూడా వెన్న ఉంటాది కదా. తల్లికి గూడా సల్లగ ఉంటాది" అంది. ప్రతి గుంతకూ కారణం అడిగే మనిషి ఆ క్షణాన ఏమీ అడగలేదు. సీసా కింద పెట్టి, ఆమె తెచ్చిన లోటా అందుకున్నాడు. గుడ్డతో అచ్చంతా మజ్జిగ రాశాడు. నాకూ అది తప్పుగా తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది కానీ, ఆ గడప దగ్గర ఆ తల్లి ముఖం చూసిన ఎవరైనా మజ్జిగే రాస్తారు.

పోత గట్టిపడ్డాక అచ్చు విప్పబోతే రాలేదు. ఆయన గోరుతో అంచు లేపి, నెమ్మదిగా లాగాడు. తడిసిన తోలు చిరిగినట్టు చప్పుడైంది. ఎడమ కంటి కింద అచ్చులోని వజ్రం ముక్క పోతకు అతుక్కుని ఊడి వచ్చింది. మిగతా ముఖమంతా గుంతలు. మజ్జిగలోని పెరుగు పలుకులు అచ్చుకు అంటుకుని, పలుకు పలుకుకూ ఒక గుంత వేశాయి. హులిగెమ్మ ఆ ముఖం చూసింది. లోపల మంచం మీద ఉన్న ముఖం, ఇక్కడ బల్ల మీద ఉన్న ముఖం, రెండూ ఒకటే. "ఈడ గూడా పోసింది తల్లి" అని తల గోడకు కొట్టుకుంది. తిప్పన్న సుత్తి తీసుకుని పోతను పగలగొట్టాడు. అది ఆయన అలవాటు. ఇంకేం చేయాలో తోచక చేశాడేమో కూడా.

నీలి లేవలేదు. ఆ వారంలోనే పోయింది.

ఆ ఇంట్లో ఫోటో అన్నది లేదు. నీలికనే కాదు, వాళ్ళ ముగ్గురికీ లేదు. ఫోటో తీయించుకోవడం పెళ్ళికో, పెద్ద ఉద్యోగానికో తప్ప లేని కాలం. కర్మలు అయ్యాక హులిగెమ్మ మొగుడి ముందు కూర్చుని ఒకే మాట అడిగింది. "కండ్లు మూస్తే పొక్కుల ముఖమే వస్తాంది. పొక్కులు లేని ముఖం నాకు ఒక్కసారి సూపియి." అచ్చు ఇంకా గోనెలో ఉంది. గోనె తడిగా ఉండటం వల్ల, బిగిసింది కానీ తిప్పన్న భయపడ్డట్టు పూర్తిగా పోలేదు. ఇప్పుడు నూనెకు అడ్డు లేదు. తిప్పన్న కొత్త ప్లాస్టర్ మూట విప్పాడు.

ఆ రోజుల్లో ఆయన పడ్డ యాతన తలుచుకోవాలంటే ఇప్పటికీ మనసు రాదు. ఆముదం రాసి మొదటిది పోశాడు. అచ్చు చిరిగిన చోట చెంప మీద కురుపులాగా ఒక గడ్డ వచ్చింది, దాని చుట్టూ గుంతలు. భూతద్దం పెట్టి చూసి, "ఇది గాలి కాదు. గాలి గుంత గుండ్రంగా ఉంటాది. ఇది పొడుగు. అచ్చు సెమటపట్టింది" అన్నాడు. పటిక నీళ్ళు పట్టించి ఆరబెట్టి మళ్ళీ పోశాడు. చెమట పోయింది, పెదవి అంచు కరిగినట్టు మొద్దుబారింది. ప్లాస్టర్ బిగిసేటప్పుడు పుట్టే వేడికి వజ్రం మెత్తబడిందట. పల్చగా, రెండు పూతలుగా, తెల్లవారుజామున చల్లదనంలో పోశాడు. పెదవి బాగుంది. ముక్కు పక్కన మళ్ళీ రెండు గుంతలు. ప్రతి తప్పుకూ కారణం దొరికింది. ప్రతి కారణాన్నీ సరిచేశాడు. సరిచేసిన ప్రతిసారీ తప్పు ఇంకో చోటికి జరిగింది. ఆయన నాకు నేర్పిన విద్య అంతా ఆయన చేతుల్లోనే ఓడిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆగలేక అన్నాను, "అన్నా, ఈ ఒక్కదానికి నియమం ఎందుకు? గడ్డ గీకి, గుంతలు పూడ్చు. వదినె చూసుకుంటుంది." ఆయన నా మీద అరిచాడు. అప్పటిదాకా ఎప్పుడూ అరవలేదు. "గీకితే నేను గీకిన సెంప అయితాది! నా బిడ్డ సెంప యాడుంటాది?" అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ పోతనూ పగలగొట్టాడు. చివరిది పోసేసరికి గుంతలు ఇంచుమించు లేవు, కానీ అచ్చు లోలోపలికి ముడుచుకుపోయి ముఖం సన్నబడింది. దాన్ని హులిగెమ్మకు చూపించలేదు. "జరంలో ఉన్న పిల్ల మాదిరి వచ్చింది. ఇంక సాలు" అని దాన్నీ పగలగొట్టి, అచ్చును గోనెలో చుట్టి రేకు డబ్బాలో పెట్టేశాడు.

శ్రావణం వస్తోందనగా నాకు సిరుగుప్ప వెళ్ళిన ముఖాలు గుర్తుకొచ్చాయి. అంతవరకూ ఎవరికీ ఎందుకు తట్టలేదో చెప్పలేను. దుఃఖంలో ఉన్న ఇంట్లో బుద్ధి పనిచేయదు. తిప్పన్నను వెంటబెట్టుకుని బస్సెక్కాను. అంగట్లో ఒక్కటీ మిగల్లేదు. పెళ్ళిళ్ళ కాలంలోనే కొత్తకోడళ్ళకు కొనుక్కుపోయారట. ఎవరెవరో అంగడివాడికి తెలియదు. ఒక్కరిని మాత్రం ఎరుగుదును అన్నాడు, హచ్చొళ్ళిలో ఉండే కోస్తా రైతు భార్య సీతారత్నం గారు.

హచ్చొళ్ళికి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. కాలవ పక్కన కొత్త మిద్దె. సీతారత్నం గారు పచ్చగా, నిండుగా ఉన్న మనిషి. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. తిప్పన్న ఆ గ్లాసు ముట్టలేదు. నేను సంగతంతా చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానీ ముఖం ఇమ్మని అడిగేసరికి లేచి నిలబడింది.

"ఎంత మాటన్నావమ్మాయ్! మా కోడలు కాపురానికొచ్చిన రోజే కలశం మీద కూర్చోబెట్టి పూజ చేశాం. లక్ష్మీదేవిని ఇంట్లోంచి చేతులారా ఎట్లా పంపించమంటావు?"

ఇవ్వక్కర్లేదు, దాని మీద కొత్తగా ఒక అచ్చు తీసుకుంటాం, ఒక్క పూట చాలు అన్నాను. అచ్చు దేనితో తీస్తారని అడిగింది. తిప్పన్న అబద్ధం ఆడటం చేతగాని మనిషి. "వజ్రం అమ్మా. తోళ్ళు, బొమికలు కాచిన బంక" అనేశాడు. ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "ఎముకల బంకా? ఆవిడ మొహం మీదా? నాయనా, నీకు దణ్ణం పెడతాను, ఆ మాట మా గుమ్మంలో అనకు." ఆవిడను తప్పు పట్టలేను. ఆ స్థానంలో మా అమ్మ ఉన్నా అదే అనేది. మేం లేచి వాకిట్లోకి వచ్చేశాక ఆవిడే వెనక్కి పిలిచింది. "వ్రతం శుక్రవారం ఆ పిల్ల తల్లిని తీసుకురా అమ్మాయ్. పేరంటానికి పిలుస్తున్నాను. కళ్ళారా చూసుకోమను. ముట్టుకోవద్దని మాత్రం చెప్పు."

ఆ శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. తిప్పన్న మిద్దె దాకా వచ్చి, బయట కాలవ గట్టు మీద ఆగిపోయాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే పనే కనపడ్తాది నాకు. యాడ గుంత పడింది, యాడ అంచు లేచింది అని సూస్తా. పిల్ల కనపడదు. నువ్వు పో హులిగీ. నువ్వు సూస్తే సాలు."

పూజగదిలో పేరంటాళ్ళ మధ్య హులిగెమ్మను కూర్చోబెట్టారు. కలశం మీద లక్ష్మి, ఎర్ర పట్టుచీర, ముక్కుకు బులాకీ, చెంపలకు పసుపు, నుదుట రూపాయంత కుంకుమ. హులిగెమ్మ రెప్ప వేయకుండా చూసింది. ఏడుస్తుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఏడవలేదు. చాలాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "ఆ కండ్లు నువ్వు రాసినవేనా?" అంది. అవునన్నాను. "మా నీలివి ఇట్లుండల్యా" అంది. "ఎట్లుండె వదినె?" అని అడిగాను, మాట కలపడానికి. ఆమె చెప్పబోయింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. నా వైపు చూసింది, మళ్ళీ లక్ష్మి వైపు చూసింది, మళ్ళీ నా వైపు. ఆ చూపులో ఉన్న భయం నేను ఇంకెవరి కళ్ళల్లోనూ చూడలేదు. కూతురి కళ్ళు ఎట్లా ఉండేవో ఆమెకు గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి తిప్పన్న గట్టు దిగి ఎదురొచ్చాడు. భార్య ముఖంలోకి చూసి, "ఉండాదా?" అని అడిగాడు.

"ఉండాది" అంది హులిగెమ్మ.

"గుంతలు?"

"ల్యా. ఒకటి గూడా ల్యా. నున్నగ ఉండాది. అట్లనే ఉండాది, మన నీలి."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. నీలి పోయిన తర్వాత ఆయన భుజాలు దిగడం అదే మొదటిసారి చూశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా పొలాలు చూస్తూ వచ్చాడు.

మర్నాడు పొద్దున వజ్రం కాచిన వాసన వచ్చి కొట్టంలోకి వెళ్ళాను. రేకు డబ్బా మూత తీసి ఉంది. ముడుచుకుపోయి గుప్పెడంత అయిన ఆ అచ్చును తిప్పన్న చాకుతో ముక్కలు కోస్తున్నాడు. "హచ్చొళ్ళిలో ఉండాది కదా, నిక్షేపంగా. ఇంక ఇదెందుకు రుక్కమ్మా" అన్నాడు, ఎంతో తేలికగా. పొయ్యి ముందు హులిగెమ్మ కూర్చుని ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆపమని ఒక్క మాట అంటే ఆగేవాడు. ఆమె ఆ మాట అనలేదు. ఆపమంటే, కాలవ గట్టు దగ్గర తాను చెప్పింది అబద్ధమైపోతుంది. గొట్టం తీసుకుని పొయ్యి ఊదింది. ముక్కలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఆ వజ్రంతో ఆ నెలలో ఏ మిద్దెకో ఏనుగుల అచ్చు పోశాడు.

తిప్పన్న ఆ తర్వాత కొన్నేళ్ళు బతికాడు. లక్ష్మి ముఖాలు మాత్రం మళ్ళీ పోయలేదు. శ్రావణం వచ్చినప్పుడల్లా హచ్చొళ్ళిలో తన కూతురు పూజలందుకుంటోందని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు, ఒక్క గుంత లేదని గర్వంగా చెప్పేవాడు. ఆ నమ్మకంతోనే పోయాడు. కొట్టం నా చేతికొచ్చింది. ఆయన నేర్పిన పనితో నేను ఇద్దరు పిల్లల్ని చదివించాను. నా పోతల్లో గుంతలు పడవని పేరు కూడా వచ్చింది. ఆ పేరు విన్నప్పుడు సంతోషపడ్డ గుర్తు నాకు లేదు.

హులిగెమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "రుక్కమ్మా, నీకన్నా యాదుందా నీలి ముఖం? ఒక్కసారి సెప్పు, వింటా" అంది. ఎందుకు లేదు వదినె, ఉంది అన్నాను. పెద్ద పెద్ద కళ్ళు, నున్నటి చెంపలు, సన్నటి పెదవులు, నవ్వీ నవ్వనట్టుండే మూతి, అని చెప్పుకుంటూ పోయాను. ఆమె కళ్ళు మూసుకుని, "ఔ, ఔ" అంటూ విన్నది. అట్లాగే నిద్రపోయింది. నేను చెప్పిందంతా హచ్చొళ్ళి పూజగదిలో నేను చూసిన లక్ష్మి ముఖం. మా వంటింట్లో బెల్లం దొంగిలించిన పిల్ల ముఖం ఎట్లా ఉండేదో నాకూ గుర్తు లేదు.